సన్నని గీటు

ఈ మాసము మేము వ్రాయబూనిన విషయము స్త్రీల పత్రికకు తగునా యని కొందఱు ముక్కుపై వ్రేలు వైచుకొనవచ్చును. వంటలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు చదువుకొనుటకు విప్పిన పుటలలో రైఫిలు మేగజీనుల ప్రసంగమేల యని మీరడుగుదురు. సైనికుని కోడలుగను, సైనికుని భార్యగను, ఇప్పుడు సైనికురాలి తల్లిగను బ్రదుకుచున్న మాకు ఈ విషయము పరాయిది కాదు. అదియునుగాక, ఇందు చెప్పబోవు కథలో సగము మా వంటయింటి కిటికీకడనే జరిగినది.

మొదట ఆ మాట సంగతి చెప్పెదము. మీ చేతనున్న ఈ మాసపత్రికను ఇంగ్లీషు చదివిన పిల్లలు మేగజీను అందురు. రైఫిలునకు తూటాల నందించు పెట్టెయు మేగజీనే. గిడ్డంగి యను నర్థముగల అరబ్బీ మాటనుండి ఈ పేరు వచ్చినది. ఇంటికి గాదె యెట్టిదో రైఫిలునకు మేగజీను అట్టిది. గాదె నిండుగ నున్నను దాని నోరు పూడుకొనిపోయినచో ఆ పూట పొయ్యి వెలుగదు గదా! ఇదియు నంతే.

ఆ పెట్టెకు ముఖ్యాంగములు నాలుగే. వెలుపలి గోడ, లోపల చుట్టలుచుట్టలుగ నుండు స్ప్రింగు, ఆ స్ప్రింగుమీద కూర్చుండి తూటాలను పైకి నెట్టు పలక, అడుగున మూత. పైభాగమున గోడల అంచులు రెండు ప్రక్కలను లోనికి వంగి, తూటా ఎగిరిపడకుండ పట్టుకొనియుండును. తుపాకి ప్రేలినప్పుడెల్ల బోల్టు వెనుకకు పోయి, తిరిగి ముందుకు వచ్చుచు, పైనున్న తూటాను ఆ అంచుల నడుమనుండి గొట్టములోనికి త్రోసికొని పోవును. ఆ అంచులు ఏమాత్రము విచ్చుకొన్నను, పలక ఒకవైపునకు ఒరగినను, తూటా తలయెత్తి అడ్డముపడును. అంతటితో ఎంత విలువగల రైఫిలైనను చేతికఱ్ఱతో సమానము.

మా అత్తవారిది పశ్చిమగోదావరి జిల్లాలోని తాడేపల్లిగూడెము ప్రాంతము. అచ్చటి మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును మనుష్యులను పంపిన గ్రామమగుటచే మిలిటరీ మాధవరమను పేరు గడించినది. మా మామగారు 1962వ సంవత్సరమున సేనలో నున్నప్పుడు వారి చేతిలో నుండినది .303 రైఫిలు. దాని మేగజీను ఉక్కుతో చేసినది. అందు పది తూటాలు పట్టును. ఐదేసి తూటాలుగల క్లిప్పులు రెండింటితో దానిని నింపుదురు. ఆ తరువాత వచ్చిన ఎస్.ఎల్.ఆర్. అను రైఫిలునకు ఇరువది తూటాల మేగజీను, అదియు ఉక్కే. మావారు 1989లో సేనలో చేరి, ఆయుధములను మరమ్మతుచేయు ఆర్మరరు పనిలో ప్రవేశించిరి. ఆయుధములను భద్రపరచు గదిని సైనికులు కోత్ అందురు. మావారి యౌవనమంతయు ఆ కోత్‌లలో నూనెగుడ్డలనడుమ గడచినది.

1990 తరువాతి సంవత్సరములలో మన సేనకు ఇన్సాస్ అను క్రొత్త రైఫిలు వచ్చెను. దానికి రూపకల్పన చేసినది పూణెలోని ఆయుధ పరిశోధన సంస్థ. దాని మేగజీను ఉక్కు కాదు. వెలుగు పాఱునట్టి పాలిమరు, అనగా గట్టిజాతి ప్లాస్టిక్కు. అందును ఇరువది తూటాలే. కాని పాత తూటా యొక్కటి సుమారు 24 గ్రాములుండగా, క్రొత్తది అందులో సగమే. పాత మేగజీనులో తూటాల బరువే అరకిలోకు దగ్గఱ. క్రొత్తదానిలో పావుకిలోకు దగ్గఱ. కొండ యెక్కువానికి పావుకిలో యెంత బరువో నెత్తిపై బిందెతో మిట్ట యెక్కిన స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మేము సికిందరాబాదు కంటోన్మెంటులో కాపురమున్న దినములలో ఒకనాడు ప్రజలు చూచుటకై ఆయుధముల ప్రదర్శనము పెట్టిరి. ఆనాడు మేము ఆ మేగజీనును మొదటిసారి చేత పట్టుకొని చూచితిమి. మా పోపులడబ్బా మూతవలె తేలికగ నుండెను. “దీనినా నమ్ముకొని మీవాండ్రు సరిహద్దునకు పోవుట? మా అత్తగారి ఇత్తడి గిన్నె మేలు గదా!” యని మేము పరిహసించితిమి. మావారు నవ్వలేదు. ఆ సాయంకాలము వారు చెప్పిన మాటలు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి.

“ఉక్కు పెట్టె క్రింద పడినచో సొట్టపడును, పడి అట్లే యుండిపోవును. ఆ సొట్ట చూపునకు ఆనదు. అంచు నూలుపోగంత వంగియుండును. చూచువానికి అంతయు బాగుగనే యుండును. ప్లాస్టిక్కట్లు కాదు. దెబ్బతగిలినప్పుడు వంగి, మరల తన రూపునకు వచ్చును. రాలేనప్పుడు పగులును. పగులు కంటికి కనబడును. చూడదలచిన కన్నుండవలెను, అంతే.”

ప్లాస్టిక్కు మేగజీను మన దేశమున పుట్టిన వింతయేమియు కాదు. రష్యావారు 1974నాటి తమ రైఫిలునకు గాజునార కలిపిన ఒకవిధమగు ఎఱ్ఱని రెసిను పెట్టెను వాడిరి. ఆస్ట్రియావారు 1970 తరువాతి దశకములోనే లోపలి తూటాలు కనబడునట్టి పెట్టెను చేసిరి. అమెరికాలో మాగ్‌పుల్ అను సంస్థ 2007లో తెచ్చిన పాలిమరు పెట్టె ఇప్పుడు లోకమునందు పేరుపొందినది. దానికొక చిన్న మూత గలదు. ఆ మూతను బిగించినప్పుడు అది తూటాలను కొంచెము క్రిందికి నొక్కి, అంచులమీది బరువును తొలగించును. ఏలయన, ప్లాస్టిక్కు ఎడతెగని ఒత్తిడికి లోబడి మెల్లమెల్లగ సాగునట్టిది. బట్టలు ఆరవేసిన నైలాను త్రాడు వేసవి గడచునప్పటికి జాఱుట మీరు చూచియేయుందురు. నింపి నెలలతరబడి యుంచిన పెట్టె అంచులకును అట్టి సాగుడే కలుగునను భయముచేత ఆ మూతను కల్పించిరి.

స్ప్రింగు సంగతి ఇందుకు భిన్నము. నొక్కియుంచుటచేత స్ప్రింగు చచ్చిపోవునని అందఱును అనుకొందురు. మంచి ఉక్కు స్ప్రింగు హద్దులోపల నొక్కియుండుటవలన అంతగ అలయదు. నొక్కుట, విడుచుట, మరల నొక్కుట అను పనిచేతనే అలయును. కాబట్టి ఊరక నింపుచు దీయుచు నుండుట శ్రద్ధకు గుర్తు కాదు.

మంచి మేగజీనును ఎట్లు గుర్తింపవలెనని యొకప్పుడు అడిగితిమి. మావారు వ్రేళ్లు మడచి చెప్పిరి. గొళ్లెమును నొక్కినంతనే ఖాళీపెట్టె తన బరువుతో తానే జాఱి చేతిలో పడవలెను. పట్టి లాగవలసివచ్చినచో గోడలు ఉబ్బినవని తెలియవలెను. లోపలి పలకను ఏమూల నొక్కినను ఒరగక తిన్నగ దిగవలెను. అడుగుమూత పనిముట్లు లేకుండ ఊడి రావలెను; ఊడిరాని మూతగల పెట్టెను ఎవ్వరును శుభ్రముచేయరు. గోడలకు నిలువు చాళ్లుండవలెను. చేయి జాఱకుండుటకును, గోడ గట్టిపడుటకును అవి పనికివచ్చును. నల్లని పెట్టెలలో నలుపు అందముకొఱకు మాత్రమే కాదు. మన మేడలమీది నీళ్లతొట్లకు నలుపు కలిపినట్లే, ఆ మసి యెండవలన ప్లాస్టిక్కు పెళుసుబాఱకుండ కాపాడును.

పోషణమునకును కొన్ని విధులు గలవు. లోపల నూనె పోయరాదు. నూనెకు దుమ్మంటును, దుమ్ము బురదయగును, బురదలో పలక చిక్కుకొనును. పొడిబట్టతో తుడువవలెను, తడిసినచో విప్పి నీడన ఆరబెట్టవలెను. స్ప్రింగునకుమాత్రము త్రుప్పు పట్టకుండ తుడిచితుడువనట్లు నూనెచేయి తగిలించిన చాలును. దోమల మందు పూసికొన్న చేతితో ప్లాస్టిక్కును ముట్టరాదు. ఆ మందులలో కొన్ని కొన్నిజాతుల ప్లాస్టిక్కును కరగించును. ప్రతి మేగజీనుకును అంకె వేయవలెను. రైఫిలు చిక్కుపడినప్పుడెల్ల ఆ అంకెను వ్రాసికొనవలెను. ఒకే అంకె మాటిమాటికి వచ్చినచో తప్పు రైఫిలుది కాదు, పెట్టెది. మేము ఈ పద్ధతిని మా పాలలెక్కకు వర్తింపజేసి, ఏవారము పాలు విఱుగుచున్నవో కనిపెట్టగలిగితిమి.

ఇంతవఱకు చెప్పినది మావారి విద్య. ఇక వారి బాధను చెప్పవలసియున్నది.

1999లో కార్గిల్ యుద్ధము వచ్చినప్పుడు, ఎముకలు కొఱుకు చలిలో ఇన్సాస్ మేగజీనులు పగులుచున్నవని పత్రికలలో వార్తలు వచ్చెను. చలికి ప్లాస్టిక్కు బిఱుసెక్కును; ఎండకాలమున వంగి లేచునది శీతకాలమున పుటుక్కున విఱుగును. ఆ వార్తలు చదివినప్పుడు మేము దేవుని గదిలో దీపము పెట్టి కూర్చుండుట తప్ప చేయగలిగినది లేదు. మావారు క్షేమముగ తిరిగివచ్చిరి. కాని తరువాతి సంవత్సరములలో వారి స్వభావమున నొక మార్పును కనిపెట్టితిమి. సెలవునకు వచ్చిన ప్రతిసారి గ్యాసుగొట్టమును వెలుగున పట్టి చూచెదరు. కుక్కరు రబ్బరును వంచి చూచెదరు. పిల్ల ఉయ్యాల కొక్కెమును దినమునకు రెండుమాఱులు తడవెదరు. అతిథులముందు కూడ మంచినీళ్ల సీసా మూతను విప్పి పరీక్షించుచుండగా మాకు సిగ్గు వేసెడిది. “మీ కోత్‌ను ఇంటికి మోసికొనివచ్చితిరా?” యని మేము దెప్పుచుంటిమి.

2011లో వారు పనినుండి విరమించి ఇల్లు చేరిరి. ఆ యేడు మొదలు ప్రతి సంక్రాంతికిని, ముక్కనుమనాటి రాత్రి, చిన్న సంచి భుజాన వైచుకొని రైలెక్కి పోవుచుండిరి. ఎక్కడికని అడిగిన, “ఆముదాలవలస స్టేషనులో దిగవలెను. పాత స్నేహితుడున్నాడు” అనుటయే. ఇంటినిండ చుట్టములుండగా ఇదేమి ప్రయాణమని మేము తగవుపెట్టుకొంటిమి. బాకీ యేదో ఉన్నదని అనుమానించితిమి. ఒక సంవత్సరము నాలుగుదినములు మాటలాడక యుంటిమి గూడ. వారు వాదింపలేదు, చెప్పనులేదు.

మా అమ్మాయి 2023లో సైనిక పోలీసుదళమునకు ఎన్నికయ్యెను. 2021 మే నెలలో బెంగుళూరున తొలి మహిళాదళము, 83 మంది, శిక్షణ ముగించి కవాతుచేయుటను టెలివిజనులో చూచినది మొదలు దాని మనస్సు అందే లగ్నమైయుండెను. శిక్షణ ముగించి సెలవునకు వచ్చిన మఱునాడు, మేము కూరలు తఱుగుచుండగా అది తండ్రిని అడిగెను: “నాన్నా, మేగజీనులో పగులు ఉన్నదో లేదో ఎట్లు చూడవలెను?”

మావారు సమాధానము చెప్పక వంటయింటిలోనికి వచ్చి, ఆవకాయ ప్లాస్టిక్కు సీసా మూతను కడిగి, తుడిచి, కిటికీ వెలుగునకు పట్టిరి. “మొదట శుభ్రముచేయవలెను. మురికిలో పగులు దాగును. తరువాత వెలుగునకు ఎదురుగ పట్టవలెను. ఇట్లు బొటనవ్రేలితో అంచును మెల్లగ నొక్కవలెను. చూడుము తల్లీ, ఈ చోట తెల్లని గీటు వచ్చినదా? వ్రేలు తీసినను పోలేదా? ఇదే పగులునకు మొదలు.” మూత అంచున వెండ్రుకవంటి సన్నని గీటు మాకును కనబడెను. రెండు సంవత్సరములనుండి దినమునకొకసారి ఆ మూతను త్రిప్పుచున్న మేము దానిని ఎన్నడును చూచియుండలేదు.

“అది కనబడినచో ఏమిచేయవలెను?” అని అమ్మాయి అడిగెను. మావారు మూతను గట్టుమీద పెట్టి, చాలసేపు మాటలాడలేదు. ఆపైన, ఇరువది రెండేండ్లుగ దాచుకొన్నది చెప్పిరి.

2002వ సంవత్సరము జనవరి మాసము. కొండలపై నున్న యొక స్థావరములో మేగజీనులను పరీక్షించుట మావారి పని. ఒకదాని వెనుక అంచున ఇట్టి గీటే కనబడెను. దానిని ప్రక్కన పెట్టవలెను. కాని మార్చి యిచ్చుటకు వేఱొకటి లేదు. క్రొత్తవి దిగువనుండి రావలెను. దారి మంచుతో మూసికొనిపోయినది. మఱునాడు లెక్కచూచుట గలదు. సంఖ్య తక్కువైనచో ప్రశ్నలు వచ్చును. మావారు ఆ మేగజీనును శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన ఇరువదియొక్కయేండ్ల కుఱ్ఱవాని చేతికి తిరిగి యిచ్చి, “తమ్ముడూ, దీనిని చిట్టచివరకు వాడుము” అని మాత్రము చెప్పిరి. పుస్తకమున ‘బాగున్నది’ అని వ్రాసిరి.

మూడవ రాత్రి ఆ కుఱ్ఱవాడు కాపలా ముగించి దిగుచుండగా కాలు జాఱెను. నడుమునకున్న సంచి రాతికి కొట్టుకొని, ఆ మేగజీను అంచు విఱిగి, తూటాలు మంచులో చెదరిపోయెను. శత్రువు రాలేదు, తుపాకి ప్రేలలేదు. కాని ప్రతి తూటాకును లెక్క గలదు. ఆ చీకటిలో వాడు తొడుగులు తీసివైచి, ఒట్టిచేతులతో మంచును కెలకి, తూటాలను ఏఱుకొనుచు కూర్చుండెను. అన్నియు దొరకినవి. తెల్లవాఱునప్పటికి వాని కుడిచేతి రెండు వ్రేళ్లు నల్లబడినవి. ఆసుపత్రిలో ఆ రెండు వ్రేళ్ల కొనలను తీసివేసిరి.

“ఆ పగులు పోతపోసినవానిదో, ఎన్నడో క్రింద పడవైచినవానిదో, చలిదో, ఎవ్వరు చెప్పగలరు? పగులు ఎవ్వరిదైనను ‘బాగున్నది’ అన్న మాట నాది. లెక్క సరిపోవుటకు నేను తిరిగి యిచ్చితిని. లెక్క సరిపోవుటకు వాడు వ్రేళ్లు పోగొట్టుకొనెను” అనిరి మావారు.

మా చేతిలోని కత్తిపీట కదలలేదు. మేము నాలుగుదినములు మాటలాడక యుండిన సంక్రాంతి జ్ఞాపకమునకు వచ్చి, తల ఎత్తలేకపోతిమి.

అమ్మాయి సెలవు ముగించుకొని పోయెను. మూడు మాసముల తరువాత ఒకనాటి రాత్రి టెలిఫోనులో తల్లితో చెప్పవలసిన తిండి సంగతులు చెప్పి, తండ్రికిమ్మనెను. దానికిచ్చిన మేగజీనులలో ఒకదాని అంచున తెల్లని గీటు కనబడినదట. దానిని తిరిగి ఇచ్చివేయబోగా, కోత్‌లోని పెద్దమనుష్యుడు “ఇది ఇంకను పనిచేయును, ఊరక లెక్క చెడును” అని విసుగుకొనెనట. “లెక్క చెడదు సాబ్, ‘పగిలినది ఒకటి’ అని వ్రాసినచో లెక్క సరిగనే యుండును” అని ఇది నిలుచున్నచోటనుండి కదలలేదట. తుదకు ఆయన వ్రాసికొని మఱియొకటి యిచ్చెనట. మావారు “మంచిది తల్లీ” అని మాత్రము అని, టెలిఫోను మాకిచ్చి వీథియరుగుమీదికి పోయిరి. మేము వెంటపోలేదు. కొంతసేపటికి వచ్చి, అన్నము పెట్టుమని అడిగిరి.

ఆ సంక్రాంతికి ముక్కనుమనాటి రాత్రి రైలులో మేమును వారి ప్రక్కన కూర్చుంటిమి. అరిసెల డబ్బా మా ఒడిలో నుండెను. ఆముదాలవలసలో దిగి, బస్సుమీద ఆ యూరు చేరితిమి. ఆ కుఱ్ఱవాడిప్పుడు నలువది దాటిన గృహస్థు. చిన్న కిరాణాకొట్టు నడుపుచున్నాడు. కుడిచేతి పొట్టివ్రేళ్లతోనే త్రాసుపట్టి, పంచదార తూచి, పొట్లము కట్టుచుండెను. “ఈ యేడు వదినగారినిగూడ తెచ్చితిరా అన్నగారూ!” యని పరుగున వచ్చి మావారి చేతిసంచి నందుకొనెను.

భోజనములైన పిమ్మట అతడు మాతో రహస్యముగ నిట్లనెను: “వదినగారూ, తొడుగులు తీసినది నేను. వలదని ఆ రాత్రి చెప్పుటకు ఎవ్వరును లేరు. ఆ మాట ప్రతి యేడును చెప్పుచునేయున్నాను. అన్నగారు వినరు. మీరైనను చెప్పుడు.” మేము చెప్పలేదు. చెప్పినచో వినువారు కారని మాకు తెలియును. విననక్కఱలేదనియు మాకు తోచెను. ఆ బరువు లేనిచో మా అమ్మాయికి కిటికీకడ ఆ పాఠము దొరకెడిది కాదు.

సోదరీమణులారా! మీలో ఎందఱి బిడ్డలు సేనకు పోవుదురో మేమెఱుగము. పోయినను పోకున్నను, ఒక మాట మనవి చేసికొందుము. మన యిండ్లలోను ఎన్నియో వస్తువులు పైకి బాగుగనే యుండును. కుక్కరు రబ్బరు, గ్యాసుగొట్టము, పిల్లవాని మందుసీసా మూత. ఇవియన్నియు మనము ‘బాగున్నది’ అని తలయూచి దాటివచ్చినవే. ఈ సాయంకాలము ఒక్కదానిని కడిగి, తుడిచి, కిటికీ వెలుగునకు పట్టి చూడుడు. గీటు కనబడినచో రేపటికని త్రోయకుడు. మా ఆవకాయసీసాకు క్రొత్తమూత ఆ మఱునాడే వచ్చినది. పాతమూతనుమాత్రము మావారు పాఱవేయనీయలేదు. అది ఇప్పటికిని కిటికీగట్టుమీదనే యున్నది.